రోన్ లోయ వైన్లు

రోన్ లోయ వైన్లు అనగా ఫ్రాన్సు దేశపు ఆగ్నేయ భాగంలో రోన్ నదికి ఇరువైపులా పండే ద్రాక్షనుండి తయారయ్యే ద్రాక్షాసవాలు. లియాన్ నగరానికి దిగువన ఉన్న వియెన్ పట్టణం మొదలుకొని అవిన్యోన్ నగర పరిసరాల వరకు, సుమారు 200 కిలోమీటర్ల పొడవున ఈ ద్రాక్షతోటలు వ్యాపించి ఉన్నాయి. స్థలనామంతో అమ్ముడయ్యే ఫ్రెంచి వైన్లలో పరిమాణాన్ని బట్టి చూస్తే బోర్డో ప్రాంతం తరువాతి స్థానం సాధారణంగా ఈ లోయదే. తయారయ్యేదానిలో అధికభాగం ఎర్రవైన్. తెల్లవైన్, గులాబీరంగు వైన్ తక్కువ.

ఈ లోయకు వైన్ వల్లనే కాక మరొక కారణం వల్ల కూడా చరిత్రలో ప్రాముఖ్యత ఉన్నది. పంటకు దాని ఊరిపేరే ఆస్తి అనీ, ఆ పేరును ఇతరులు వాడుకోకుండా చట్టం కాపాడాలనీ వాదించి గెలిచినవారిలో ఇక్కడి రైతులు ముఖ్యులు. నేడు బనగానపల్లె మామిడికి (2017), పోచంపల్లి ఇక్కత్ వస్త్రాలకు లభించిన భౌగోళిక గుర్తింపు వెనుక ఉన్నదీ ఈ సూత్రమే.

నది, నేల, గాలి

రోన్ నది స్విట్జర్లాండ్‌లోని ఆల్ప్స్ పర్వతాలలో ఒక హిమానీనదం వద్ద పుట్టి, జెనీవా సరస్సు గుండా ప్రవహించి ఫ్రాన్సులో ప్రవేశిస్తుంది. లియాన్ వద్ద సోన్ నదిని కలుపుకొని దక్షిణానికి తిరిగి, ఆర్ల్ పట్టణం దాటిన తరువాత పాయలుగా చీలి మధ్యధరా సముద్రంలో కలుస్తుంది. నది మొత్తం పొడవు సుమారు 810 కిలోమీటర్లు. ఎగువన స్విట్జర్లాండ్‌లోని వలే రాష్ట్రంలోనూ ఈ నది ఒడ్డున ద్రాక్ష పండుతుంది కాని, "రోన్ లోయ వైన్" అన్న పేరు లియాన్ దిగువ ప్రాంతానికి మాత్రమే వాడుకలో ఉన్నది.

ఈ ప్రాంతాన్ని ఉత్తర రోన్, దక్షిణ రోన్ అని రెండుగా విభజిస్తారు. ఇది పటం మీద గీసుకున్న గీత కాదు. ఉత్తరాన వాలాన్స్, దక్షిణాన మాంతెలిమార్ పట్టణాల మధ్య ద్రాక్షతోటలు దాదాపు కనబడని ఖాళీ ఒకటి ఉన్నది. దానికి ఎగువన నేల, వాతావరణం, ద్రాక్షరకాలు, వైన్ రుచి ఒక విధంగా ఉంటే, దిగువన మరొక విధంగా ఉంటాయి. రెంటినీ కలిపేది నది ఒక్కటే అన్నా అతిశయోక్తి కాదు.

ఉత్తరాన లోయ ఇరుకు. ఫ్రాన్సు మధ్యపీఠభూమి అంచును కోసుకుంటూ నది పారుతుంది. నేల ప్రధానంగా గ్రానైట్ రాయి. కొండలు నేరుగా నది ఒడ్డునుండే లేస్తాయి. చలికాలం చలి, వేసవి ఎండ రెండూ గట్టిగా ఉండే ఖండాంతర్గత వాతావరణం ఇక్కడిది. ద్రాక్ష పక్వానికి రావాలంటే ఎండ బాగా సోకాలి కనుక, దక్షిణానికో ఆగ్నేయానికో ముఖం తిరిగిన వాలులనే రైతులు ఎన్నుకున్నారు. వియెన్ దిగువన నది కొంతదూరం నైరుతి దిశగా మళ్ళడం వల్ల కుడిగట్టు కొండలకు అటువంటి ఎండ దొరుకుతుంది.

దక్షిణాన లోయ విశాలమై మైదానంగా మారుతుంది. సున్నపురాయి, బంకమన్ను, ఇసుక, గులకరాళ్ళు కలగలిసిన నేలలు. ఆలివ్ చెట్లు, లావెండర్, థైమ్ వంటి సువాసన మొక్కల పొదలు కనిపిస్తాయి. ఇది మధ్యధరా వాతావరణం, అనగా వేడిగా పొడిగా ఉండే వేసవి, శీతాకాలంలో వానలు.

రెండు భాగాలపైనా ప్రభావం చూపేది మిస్ట్రాల్ అనే గాలి. ఉత్తరం నుండి లోయవెంట దూసుకువచ్చే ఈ చల్లని పొడిగాలి వేగం ఒక్కొక్కప్పుడు గంటకు 100 కిలోమీటర్లు దాటుతుంది. లేత కొమ్మలను విరిచే ఈ గాలిని రైతు తిట్టుకుంటాడు. కాని వాన పడిన తరువాత గుత్తులలోని తడిని ఆర్పి, బూజు తెగులు పట్టకుండా కాపాడేదీ ఇదే. గాలికి తట్టుకోవడానికి దక్షిణాన గ్రెనాష్ తీగను పందిరి ఎక్కించకుండా పొట్టి పొదలాగా కత్తిరించి పెంచుతారు. ఉత్తరాన సిరా తీగకు కొయ్యలు పాతి కడతారు. పొలాల అంచున వరుసగా నాటిన సైప్రస్ చెట్లు గాలికి అడ్డుకట్టలు.

చరిత్ర

క్రీస్తుపూర్వం 600 ప్రాంతంలో గ్రీకులు మధ్యధరా తీరాన మస్సాలియా (నేటి మార్సేయ్) నగరాన్ని స్థాపించారు. దక్షిణ ఫ్రాన్సుకు ద్రాక్షసాగు వారితోనే వచ్చిందని చెబుతారు. తరువాత రోమన్ల కాలంలో వియెన్ ముఖ్య నగరం అయింది. ఆ పరిసరాలలో నివసించిన అల్లోబ్రోజ్ తెగవారి ద్రాక్షను, తారు వాసన వచ్చే వారి వైన్‌ను గురించి క్రీ.శ. మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లీనీ పేర్కొన్నాడు. వియెన్‌కు ఎదుటి ఒడ్డున సాన్-రొమాన్-ఆన్-గాల్ వద్ద తవ్వకాలలో రోమన్ నివాసాలు బయటపడ్డాయి.

మధ్యయుగంలో ఈ లోయ దశ తిప్పినది క్రైస్తవ మతపీఠం. 1309 నుండి 1377 వరకు పోప్‌లు రోమ్ నగరాన్ని వదలి అవిన్యోన్‌లో నివసించారు. వారిలో 22వ జాన్ (1316–1334) అవిన్యోన్‌కు ఉత్తరాన ఒక గుట్టపై వేసవి విడిదిగా కోట కట్టించాడు. ఆ ఊరే నేటి షాతోనఫ్-దు-పాప్. ఈ పేరుకు అర్థం "పోప్ గారి కొత్తకోట". కొత్తకోట అనే ఊళ్ళు మన తెలుగునాట కూడా ఉన్నాయి కనుక ఈ పేరు తెలుగువారికి తేలికగా గుర్తుంటుంది. ఈ ఊరికి పోప్ పేరు అధికారికంగా చేరింది మాత్రం 1893లో. అంతకుముందు సున్నపుబట్టీలను బట్టి షాతోనఫ్-కాల్సెర్నియే అనేవారు. 1944 ఆగస్టులో వెనుదిరుగుతున్న జర్మన్ సైనికులు కోటను పేల్చివేయగా, ఒకవైపు గోడలు మాత్రం మిగిలాయి.

అవిన్యోన్‌కు కొద్ది దూరంలో నదికి కుడిగట్టున రోక్‌మోర్ అనే రేవు ఉన్నది. పద్దెనిమిదవ శతాబ్దంలో ఈ రేవునుండి పడవలపై వైన్ పీపాలు ఎగుమతి అయ్యేవి. బయటి వైన్‌ను ఇక్కడికి తెచ్చి ఈ ప్రాంతపు సరుకుగా అమ్మడం మొదలు కావడంతో, పీపాలపై "సి.డి.ఆర్." (కోత్ దు రోన్) అని కాల్చి ముద్ర వేయాలని 1737లో రాజశాసనం వెలువడింది. "రోన్ వాలు" అని అర్థమిచ్చే కోత్-దు-రోన్ అనే పేరుకు ఇది తొలి రక్షణ.

విధివైపరీత్యం ఏమంటే, ఫ్రాన్సు ద్రాక్షతోటలను నాశనం చేసిన ఫిలాక్సెరా అనే పురుగు అడుగుపెట్టినది కూడా ఆ రోక్‌మోర్ పరిసరాలలోనే. 1862లో అక్కడి ఒక వైన్ వర్తకుడు అమెరికానుండి వచ్చిన ద్రాక్షమొక్కలను తన పెరటితోటలో నాటాడు. మరుసటి ఏడు పక్కనే ఉన్న ప్యూజో గ్రామంలో తీగలు కారణం తెలియకుండా ఎండిపోసాగాయి. పురుగు వేళ్ళను పట్టి రసం పీలుస్తుంది. తీగ చచ్చేసరికి అది పక్క మొక్కకు పోతుంది. కాబట్టి ఎండిన తీగను పెకలించి చూసినవారికి ఏమీ కనబడేది కాదు. 1868 జూలైలో మోంపెలియే శాస్త్రవేత్త ప్లాంషోన్, ఆయన సహచరులు బాజీల్, సాయూ కలిసి బతికి ఉన్న తీగ వేళ్ళను తవ్వి చూసి పురుగును కనుగొన్నారు. అదే సంవత్సరం రోక్‌మోర్ ప్రజలు పంటను కాపాడమని ప్రార్థిస్తూ సెయింట్ వాలెంటైన్ అస్థికలను రోమ్ నుండి తమ చర్చికి తెప్పించుకున్నారు. చివరకు దొరికిన ఉపాయం అంటుకట్టడం. పురుగును తట్టుకోగల అమెరికా ద్రాక్ష వేరుమొక్కపై ఐరోపా ద్రాక్ష కొమ్మను అంటుకట్టి తోటలను మళ్ళీ వేశారు. నేటికీ ఈ లోయలో దాదాపు ప్రతి తీగా ఇటువంటి అంటుమొక్కే.

పేరు కోసం పోరాటం

తోటలు తిరిగి లేచేలోగా మార్కెట్టు చేజారింది. వైన్ కొరత ఏర్పడినప్పుడు వర్తకులు ఎక్కడి వైన్‌నైనా పేరున్న ఊరి చీటీ అంటించి అమ్మసాగారు. షాతోనఫ్-దు-పాప్ పేరుతో అమ్ముడయ్యే సరుకులో ఆ ఊరి వైన్ ఎంతో ఎవరికీ తెలియని స్థితి. పేరు ఊరిది, లాభం వేరొకరిది. నిజంగా ఆ నేలపై కష్టపడే రైతుకు గిట్టుబాటు ధర రాలేదు.

ఈ పరిస్థితిలో ఊరి రైతులు బారన్ పియెర్ ల రువా ద బువాసోమారియే అనే ఆయనను ఆశ్రయించారు. ఈయన న్యాయశాస్త్రం చదివినవాడు, మొదటి ప్రపంచయుద్ధంలో విమానచోదకుడు, వివాహం ద్వారా ఈ ఊరిలోని షాతో ఫోర్తియా అనే తోటకు వచ్చినవాడు. ఆయన నాయకత్వంలో 1923లో రైతుల సంఘం ఏర్పడింది. 1919 నాటి ఫ్రెంచి చట్టం స్థలనామ వివాదాలను న్యాయస్థానాలకు అప్పగించింది కాని, ప్రధానంగా హద్దులతో సరిపెట్టింది. ల రువా దానితో తృప్తి చెందలేదు. హద్దు లోపల పండినంత మాత్రాన చాలదని, ఏ రకం ద్రాక్ష వేయాలి, తీగను ఎలా కత్తిరించాలి, పండని గుత్తులను ఎలా ఏరివేయాలి, వైన్‌లో కనీస మద్యశాతం ఎంత ఉండాలి అనేవి కూడా నియమాలుగా ఉండాలని పట్టుబట్టాడు. హద్దు నిర్ణయించడానికి ఆయన సూచించిన గుర్తు ఆసక్తికరమైనది. లావెండర్, థైమ్ మొక్కలు రెండూ పెరిగేటంత నిస్సారమైన, పొడినేల మాత్రమే ఈ వైన్‌కు తగినదని ఆయన వాదన. మంచి సారవంతమైన నేలను పక్కకు పెట్టడం మన రైతుకు వింతగా తోచవచ్చును. కాని బలమైన నేలలో ద్రాక్ష విరివిగా కాస్తుంది, రసం పలచన అవుతుంది.

న్యాయస్థానాలలో పదేళ్ళు సాగిన వ్యవహారం 1933లో ఫ్రాన్సు అత్యున్నత న్యాయస్థానంలో రైతుల పక్షాన ముగిసింది. 1935 జూలై 30న, మంత్రిగా పనిచేసిన జోసెఫ్ కాపు చొరవతో, దేశమంతటికీ వర్తించే మూలస్థాన నామ నియంత్రణ వ్యవస్థ (ఏ.ఓ.సి.) వచ్చింది. దాని కింద 1936 మే నెలలో మొదటి విడతగా గుర్తింపు పొందిన పేర్లలో షాతోనఫ్-దు-పాప్, అదే లోయలోని తావెల్ ఉన్నాయి. ఈ వ్యవస్థను నడిపే జాతీయ సంస్థకు ల రువా 1947 నుండి 1967 వరకు అధ్యక్షుడిగా ఉన్నాడు. నేడు అనేక దేశాలలో జున్నుకు, మామిడికి, చీరకు ఉన్న స్థలనామ రక్షణలకు ఈ ఫ్రెంచి వ్యవస్థ ప్రధానమైన పూర్వరూపం.

పేరు లాభం తెచ్చినట్లే నష్టమూ తేగలదని చూపిన ఉదాహరణ కూడా ఈ లోయలోనే ఉన్నది. మాంతెలిమార్‌కు దిగువన కొతో-దు-త్రికాస్తాన్ అనే వైన్ ప్రాంతం ఉండేది. 2008 జూలైలో దానికి సమీపంలోని త్రికాస్తాన్ అణుకేంద్ర సముదాయం వద్ద యురేనియం కలిసిన ద్రవం బయటకు కారింది. ద్రాక్షతోటలకు సంబంధం లేకపోయినా అదే పేరున్న వైన్‌ను కొనేవారు తగ్గిపోయారు. రైతులు కోరగా 2010లో ప్రాంతపు పేరును గ్రిన్యాన్-లెజ్-అదెమార్ అని మార్చారు.

మోసాలు పూర్తిగా అంతరించాయని చెప్పలేము. 2013–2016 సంవత్సరాల మధ్య సాధారణ వైన్ సుమారు 4,80,000 హెక్టోలీటర్లు కోత్-దు-రోన్ పేరుతో చలామణి అయినట్లు ఫ్రాన్సు మోసాల నిరోధక శాఖ 2018లో వెల్లడించింది. (ఒక హెక్టోలీటరు 100 లీటర్లు.)

వైన్ల శ్రేణులు

నియమాల కాఠిన్యాన్ని బట్టి రోన్ వైన్లు మెట్లుమెట్లుగా ఉంటాయి. అడుగున కోత్-దు-రోన్ (1937). లోయలోని అనేక గ్రామాలు ఈ ఒక్క పేరుతో అమ్మవచ్చును. అమ్మకాలలో పెద్ద భాగం దీనిదే. దాని పైన కోత్-దు-రోన్ విలాజ్, అందులో కొన్ని గ్రామాలకు తమ పేరును కూడా చీటీపై చేర్చుకునే హక్కు ఉంటుంది. అన్నిటికంటె పైన "క్రూ" అనే మెట్టు. క్రూ హోదా పొందిన వైన్‌పై "కోత్-దు-రోన్" అనే మాట ప్రధానంగా కనబడదు. ఊరు లేదా కొండ పేరు ఒక్కటే చాలు.

ఈ మెట్లు స్థిరమైనవి కావు. బడిలో పిల్లవాడు పైతరగతికి వెళ్ళినట్లు, ఒక గ్రామం కొన్ని దశాబ్దాలపాటు నాణ్యత నిరూపించుకొని పై మెట్టు ఎక్కవచ్చును. దక్షిణాన జిగోందాస్ (1971), వాకేరాస్ (1990), విన్సోబ్ర్ (2006), కైరాన్ (2016) ఇలా క్రూ హోదా సంపాదించినవే.

ఉత్తర రోన్

లోయ మొత్తం దిగుబడిలో ఉత్తర రోన్ వాటా చాలా చిన్నది. పేరు మాత్రం పెద్దది. ఇక్కడ ఎర్రవైన్‌కు అనుమతించబడిన నల్లద్రాక్ష సిరా ఒక్కటే. తెల్లవైన్‌కు వియోన్యే, మార్సాన్, రూసాన్ అనే మూడు రకాలు.

కోత్-రోతీ అన్నిటికంటె ఉత్తరాన, ఆంప్వీ గ్రామం వద్ద ఉన్నది. పేరుకు అర్థం "వేగిన కొండవాలు". ఎండ అంతగా కాస్తుందన్నమాట. వాలు ఎంత నిటారుగా ఉంటుందంటే, మన్ను జారిపోకుండా సున్నం లేని రాతిగోడలు కట్టి, ఒక్కొక్క మెట్టుపై కొద్ది వరుసల తీగలు మాత్రమే నాటుతారు. ట్రాక్టరు ఎక్కదు. వాన వచ్చినప్పుడు కొట్టుకుపోయిన మన్నును పూర్వం మనుషులు బుట్టలతో మళ్ళీ పైకి మోసేవారు. ఎర్రవైన్ అయినప్పటికీ ఇందులో తెల్లద్రాక్ష వియోన్యేను ఇరవై శాతం వరకు కలిపి పులియబెట్టడానికి నియమాలు ఒప్పుకుంటాయి. దీనివల్ల వైన్‌కు పూలవాసన వస్తుంది, రంగు నిలకడగా ఉంటుంది.

కాంద్రియూ, కోత్-రోతీకి ఆనుకొని దిగువన ఉన్న తెల్లవైన్ ప్రాంతం. వియోన్యే ఒక్కటే ఇక్కడి ద్రాక్ష. ఫిలాక్సెరా తరువాత, ఆపైన మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసే మగవారు మరణించిన తరువాత, మెట్లసేద్యం చేసేవారు కరువయ్యారు. మిగిలినవారిని లియాన్ పరిసరాల కర్మాగారాలు ఆకర్షించాయి. 1960ల నాటికి ఈ ప్రాంతంలో సాగు కొద్ది హెక్టార్లకు పడిపోయింది. వియోన్యే ఇతర దేశాలలో దాదాపు లేకపోవడంతో ఒక ద్రాక్షరకమే అంతరించే ప్రమాదం వచ్చింది. జార్జ్ వెర్నే (మరణం 2017) వంటి కొద్దిమంది రైతులు పట్టువదలక పాత మెట్లను బాగుచేసి నాట్లు కొనసాగించారు. తరువాతి దశాబ్దాలలో వియోన్యే కాలిఫోర్నియా, ఆస్ట్రేలియాలకు, చివరకు మహారాష్ట్ర, కర్ణాటకలలోని తోటలకు కూడా చేరింది. కాంద్రియూ సరిహద్దులోనే షాతో-గ్రియే అనే ప్రత్యేక నామం ఉన్నది. దాని విస్తీర్ణం సుమారు మూడున్నర హెక్టార్లు, అనగా తొమ్మిది ఎకరాలకు లోపు. ఫ్రాన్సులోని అతి చిన్న ఏ.ఓ.సి.లలో ఇది ఒకటి.

ఎర్మితాజ్ ఉత్తర రోన్‌లో చరిత్రప్రసిద్ధమైన కొండ. తాన్-లెర్మితాజ్ పట్టణం వెనుక, నదికి ఎడమగట్టున దక్షిణాభిముఖంగా లేచిన ఈ కొండపై ఉన్న తోటలు మొత్తం కలిపి సుమారు 140 హెక్టార్లు (దాదాపు 350 ఎకరాలు). పేరుకు అర్థం "ముని ఆశ్రమం". గాస్పార్ ద స్తెరింబెర్గ్ అనే యోధుడు పదమూడవ శతాబ్దంలో యుద్ధాలతో విసిగి ఈ కొండపై కుటీరం కట్టుకొని ద్రాక్ష పండిస్తూ తపస్సు చేసుకున్నాడని స్థానిక కథ. కొండపై చిన్న ప్రార్థనామందిరం నేటికీ ఉన్నది. పద్దెనిమిది, పందొమ్మిదవ శతాబ్దాలలో బోర్డో వర్తకులు తమ వైన్ పలచనగా వచ్చిన ఏడు దానిలో ఎర్మితాజ్ వైన్ కలిపి గట్టిపరచేవారు. ఇది రహస్యంగా జరిగినది కాదు. అట్లా కలిపిన వైన్‌కు మంచి ధర పలికేది. తరువాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ ఫ్రాన్సులో రాయబారిగా ఉన్న కాలంలో, 1787లో, ఈ కొండను సందర్శించి ఇక్కడి తెల్లవైన్‌ను మెచ్చుకున్నాడు.

ఎర్మితాజ్ చుట్టూ ఉన్న విశాల ప్రాంతం క్రోజ్-ఎర్మితాజ్. ఉత్తరాన అత్యధిక దిగుబడి ఇక్కడిదే, ధర కూడా అందుబాటులో ఉంటుంది. కుడిగట్టున సాన్-జోసెఫ్ 1956లో ఆరు గ్రామాలతో మొదలై, 1969లో నదివెంట యాభై కిలోమీటర్లకు పైగా విస్తరించింది. హద్దు పెరిగిన కొద్దీ పల్లపు భూములు కూడా చేరి నాణ్యత తగ్గిందన్న విమర్శ వచ్చింది. అందువల్ల 1990లలో హద్దును తిరిగి కొండవాలులకు కుదించాలని నిర్ణయించారు. కోర్నాస్ పూర్తిగా సిరాతో చేసే ముదురురంగు ఎర్రవైన్‌కు, సాన్-పెరే నురుగు వైన్‌కు ప్రసిద్ధి.

దక్షిణ రోన్

దక్షిణాన ఒకే ద్రాక్షతో వైన్ చేయడం అరుదు. గ్రెనాష్ ప్రధానం కాగా సిరా, మూర్‌వెద్ర్, సెంసో వంటివాటిని పాళ్ళు చూసి కలుపుతారు. గ్రెనాష్ తీపిని, మద్యశాతాన్ని ఇస్తుంది. సిరా రంగును, మూర్‌వెద్ర్ వగరును ఇస్తాయి. ఒక ఏడు ఒక రకం దెబ్బతిన్నా మిగిలినవి ఆదుకుంటాయన్నది దీని వెనుక ఉన్న రైతు లెక్క.

షాతోనఫ్-దు-పాప్ ఈ భాగంలో అగ్రగణ్యం. సుమారు 3,200 హెక్టార్లలో సాగు ఉన్నది. 1936 నియమాలలో 13 ద్రాక్షరకాలకు అనుమతి ఉండగా, 2009లో ఒకే రకపు తెలుపు, నలుపు, గులాబీ భేదాలను విడివిడిగా లెక్కించి 18గా పేర్కొన్నారు. కోత చేతితోనే జరగాలి. హెక్టారుకు దిగుబడి 35 హెక్టోలీటర్లు మించరాదు. ఇది ఎకరాకు సుమారు 1,400 లీటర్లు. అనేక తోటలలో మన్ను కనబడకుండా పిడికిలంత, తలకాయంత గుండ్రని రాళ్ళు పరచుకొని ఉంటాయి. ఇవి ఆల్ప్స్ పర్వతాలనుండి పూర్వం నది దొర్లించుకొని వచ్చినవి. పగటి వేడిని నిలుపుకొని రాత్రి విడిచిపెట్టడం, అడుగు మన్నులోని తేమ ఆవిరి కాకుండా కాపాడటం ఈ రాళ్ళ ఉపయోగాలు. అయితే ఈ ప్రాంతమంతా రాళ్ళే అనుకోరాదు. ఇసుకనేలల్లో పండిన గ్రెనాష్‌తో చేసిన సుకుమారమైన వైన్లు కూడా ఇక్కడ పేరుపొందాయి.

జిగోందాస్ తోటలు దాంతెల్ ద మోంమిరాయ్ అనే రంపపు పళ్ళవంటి సున్నపురాయి శిఖరాల పాదాన ఉన్నాయి. ఇక్కడ ఒకప్పుడు ఆలివ్ తోటలు విరివిగా ఉండేవి. 1956 ఫిబ్రవరిలో వచ్చిన తీవ్రమైన మంచుకు ఆలివ్ చెట్లు చనిపోగా, రైతులు వాటి స్థానంలో ద్రాక్ష వేశారు. 2023 పంటనుండి జిగోందాస్ పేరుతో తెల్లవైన్ చేయడానికి కూడా అనుమతి లభించింది.

కుడిగట్టున తావెల్ గులాబీరంగు వైన్ మాత్రమే చేసే ప్రాంతం. దాని పక్కనే ఉన్న లిరాక్‌లో మూడు రంగులూ ఉంటాయి. బోమ్-ద-వెనీజ్‌లో మస్కట్ ద్రాక్షతోను, రాస్తోలో గ్రెనాష్‌తోను తియ్యని వైన్లు చేస్తారు. తుది అంచులలో వాంతూ, లుబెరాన్, కోస్తియేర్-ద-నీమ్ ప్రాంతాలు ఉన్నాయి. వాంతూ తోటలకు 1,900 మీటర్లకు పైబడిన అదే పేరుగల పర్వతం రాత్రిపూట చల్లదనాన్ని ఇస్తుంది. ఉత్తర దక్షిణాల నడుమ, ద్రోమ్ ఉపనది లోయలో, క్లారెత్-ద-దీ అనే నురుగు వైన్ తయారవుతుంది.

ద్రాక్షరకాల పుట్టుక

సిరా ద్రాక్ష ఇరాన్‌లోని షిరాజ్ నగరంనుండి వచ్చిందని చాలాకాలం నమ్మారు. పేర్ల పోలికే దీనికి ఆధారం. 1998లో కాలిఫోర్నియాకు చెందిన కారోల్ మెరెడిత్, ఫ్రాన్సుకు చెందిన జాన్-మిషెల్ బుర్సికో తదితరులు జన్యుపరీక్షల ద్వారా ఈ నమ్మకం సరికాదని తేల్చారు. సిరాకు తల్లిదండ్రులు మోందూజ్ బ్లాంష్, ద్యురేజా అనే రెండు ఫ్రెంచి రకాలే. మొదటిది సావోయ్ ప్రాంతానిది, రెండవది రోన్ కుడిగట్టునున్న ఆర్దేష్ ప్రాంతానిది. 1830లలో జేమ్స్ బస్బీ ద్వారా ఆస్ట్రేలియా చేరిన ఈ ద్రాక్ష అక్కడ షిరాజ్ అన్న పేరుతో స్థిరపడింది. నాసిక్ పరిసరాలలోని వైన్ తోటలలో పండేదీ ఈ షిరాజే. హైదరాబాదు చుట్టుపక్కల ప్రసిద్ధమైన అనాబ్-ఎ-షాహీ తినే ద్రాక్ష కనుక దానితో దీనికి పోలిక లేదు. గ్రెనాష్ స్పెయిన్‌తో ముడిపడిన రకం, అక్కడి పేరు గర్నాచా.

తయారీ విధానం

ద్రాక్షరసానికి సాధారణంగా రంగు ఉండదు. రంగు తొక్కలో ఉంటుంది. ఎర్రవైన్ కోసం నల్లద్రాక్షను తొక్కలతో సహా కొన్ని రోజులనుండి కొన్ని వారాలవరకు పులియబెడతారు. తావెల్ వంటి గులాబీరంగు వైన్‌కు తొక్కలను కొద్ది గంటలు మాత్రమే నాననిచ్చి రసాన్ని వేరుచేస్తారు. తియ్యని వైన్లకు మరొక కిటుకు ఉన్నది. పులియడం సగంలో ఉండగా గాఢమైన ద్రాక్షమద్యం కలిపితే చక్కెరను తినే ఈస్టు చనిపోతుంది, తీపి మిగిలిపోతుంది. ఉత్తరాన వైన్‌ను ఓక్ కలప పీపాలలో ముదరబెట్టడం ఆనవాయితీ. దక్షిణాన గ్రెనాష్‌కు గాలి తగిలితే త్వరగా పాడయ్యే గుణం ఉన్నందున పెద్ద పీపాలు, సిమెంటు తొట్లు ఎక్కువగా వాడతారు. చిన్నరైతులు తమ ద్రాక్షను సహకార సంఘాలకు పోయడం పరిపాటి. తాన్ పట్టణపు సహకార సంఘం 1933లో ఏర్పడింది.

ఇటీవలి పరిస్థితి

వాతావరణం వేడెక్కడం వల్ల కోతలు పూర్వంకన్న ముందుగా, అనేక సంవత్సరాలలో ఆగస్టులోనే మొదలవుతున్నాయి. ద్రాక్షలో చక్కెర పెరిగి, షాతోనఫ్-దు-పాప్ వైన్‌లో మద్యశాతం 15 చేరడం సాధారణమైంది. అందువల్ల పులుపు నిలుపుకొనే రకాలవైపు, ఎత్తైన చల్లని తోటలవైపు రైతులు చూస్తున్నారు. చిగుర్లు ముందుగా రావడంతో మంచు ప్రమాదమూ పెరిగింది. 2021 ఏప్రిల్‌లో ఒక్క వారంలో పడిన మంచు ఈ లోయలో విస్తారంగా నష్టం కలిగించింది. మరొకవైపు ఫ్రాన్సులో ఎర్రవైన్ తాగేవారు తగ్గుతూ వస్తున్నారు. 2024లో ప్రభుత్వం తోటను శాశ్వతంగా తొలగించే రైతుకు హెక్టారుకు 4,000 యూరోలు ఇచ్చే పథకాన్ని ప్రకటించింది. దక్షిణ రోన్‌లోని రైతులలోనూ కొందరు ఈ దారి పట్టారు. ఎక్కువ దెబ్బతిన్నది అడుగుమెట్టులోని కోత్-దు-రోన్ ఎర్రవైన్ పండించేవారు. తెల్లవైన్‌కు గిరాకీ పెరగడం వారికి కొంత ఊరట.

విశేషాలు

1954లో ఫ్రాన్సులో ఎగిరే పళ్ళేలను చూశామన్న వార్తలు వెల్లువెత్తగా, షాతోనఫ్-దు-పాప్ పురపాలక సంఘం తమ ఊరిపై ఎగిరే పళ్ళేలు ఎగరడాన్ని, దిగడాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు చేసింది. ఊరికి దీనివల్ల మంచి ప్రచారం లభించింది. 2016లో కూడా ఈ ఉత్తర్వును రద్దుచేయబోమని మేయరు ప్రకటించాడు.

విక్టర్ హ్యూగో నవల లే మిజరాబ్ల్‌లో జాన్ వల్‌జాన్‌కు బిషప్ ఇంట పెట్టిన భోజనంలో ఒక సీసా పాత మోవ్ వైన్ ఉంటుంది. మోవ్ నేటి సాన్-జోసెఫ్ ప్రాంతంలోని గ్రామం. ఈ నవల ఆధారంగా తెలుగులో 1950లో బీదలపాట్లు చిత్రం వచ్చింది.

తాన్‌లోని షాపూతియే సంస్థ 1996 నుండి తన సీసాల చీటీలపై బ్రెయిలీ లిపిని ముద్రిస్తున్నది. ఎర్మితాజ్ కొండపై ఆ సంస్థకు ఉన్న ఒక తోట పూర్వం మోరిస్ మోనియే ద లా సిజెరాన్‌ది. బ్రెయిలీ లిపిలో సంక్షిప్త లేఖన పద్ధతిని రూపొందించిన ఆయన స్వయంగా అంధుడు.